ఆన్‌లైన్ ఇళ్ల ధరలు, ప్రకటనల వెబ్‌సైట్లు: తిరుపతి, చిత్తూరు రియల్ ఎస్టేట్ ఏజెంట్ల దృష్టి

అమ్మకానికో అద్దెకో ఉన్న ఇళ్లను, స్థలాలను ప్రకటించే వెబ్‌సైట్లు, వాటి ధరను లెక్కగట్టి చూపే వెబ్‌సైట్లు భారతదేశంలో 2005 తర్వాత వాడుకలోకి వచ్చాయి. స్థిరాస్తి బేరాల్లో మధ్యవర్తులుగా ఉండే ఏజెంట్లు ఈ రెండు పనులను ఒకే తీరున చూడరు. ప్రకటనను పనికొచ్చే సాధనంగా వాడుకుంటారు, ధర అంచనాను మాత్రం బేరానికి ఆధారంగా తీసుకోరు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని ధర చాలాసార్లు బేరంలో తెగిన ధర కాకపోవడం, స్థలాన్ని కొలిచే లెక్క ఊరికొక తీరున ఉండడం, హక్కు చిక్కులు సర్వే నంబరును బట్టి మారడం దీనికి ముఖ్య కారణాలు.

ప్రాంతం, మార్కెట్

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లా వేరుపడింది. సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రెండు పట్టణాల స్థిరాస్తి మార్కెట్లు ఒకే తరహావి కావు. తిరుపతిలో గిరాకీకి మూలాలు చాలా ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం ఉద్యోగులు, 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, స్విమ్స్ ఆసుపత్రి, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్, రేణిగుంట వైపు పరిశ్రమలు, విమానాశ్రయం వీటిలో ముఖ్యమైనవి. చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో స్థిరపడి స్వామి పాదాల చెంత ఒక ఇల్లు ఉండాలనుకునేవారు మరో వర్గం. అలిపిరి, ఎయిర్ బైపాస్ రోడ్డు, తిరుచానూరు రోడ్డు, కరకంబాడి రోడ్డు, తుమ్మలగుంట, పేరూరు వైపులా అపార్టుమెంట్లు, లేఅవుట్లు పెరగడానికి ఈ గిరాకీయే కారణం.

చిత్తూరు మార్కెట్ స్థానికుల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. జిల్లా కేంద్రం కావడం, మామిడి గుజ్జు పరిశ్రమ, వేలూరు దగ్గరగా ఉండడం, బెంగళూరు, చెన్నై వెళ్లే రహదారులు అక్కడి ధరలను నడిపిస్తాయి. గ్రీమ్స్‌పేట, కట్టమంచి, మురకంబట్టు వంటి చోట్ల కొనేవారు, అమ్మేవారు, మధ్యవర్తి ఒకరికొకరు తెలిసినవారై ఉండడం మామూలే. అందువల్ల వెబ్‌సైట్లకు తిరుపతిలో దొరికిన చోటు చిత్తూరులో దొరకలేదు.

వెబ్‌సైట్లు రాకముందు అమ్మకం కబురు మూడు దారుల్లో పాకేది. ఏజెంటు నోట, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం దగ్గరి డాక్యుమెంట్ రైటర్ల నోట, దినపత్రికల జిల్లా అనుబంధాల్లోని వర్గీకృత ప్రకటనల్లో. ఈ దారులు నేటికీ మూతపడలేదు. ఆస్తిని స్వయంగా అమ్మాలనుకునేవారు ఇంటి గోడ మీద ‘ఈ ఇల్లు అమ్మబడును’ అని రాసి కింద ఫోను నంబరు వేయడమూ ఉంది.

వెబ్‌సైట్ల రాక

దేశంలో ఈ రంగంలో తొలి పెద్ద పేరు నైంటీనైన్ ఏకర్స్. ఇన్ఫో ఎడ్జ్ సంస్థ దాన్ని 2005లో తెచ్చింది. మరుసటి ఏడాది టైమ్స్ గ్రూపు మ్యాజిక్‌బ్రిక్స్‌ను మొదలుపెట్టింది. 2012లో ముంబయి ఐఐటీ విద్యార్థులు హౌసింగ్ డాట్ కామ్ నెలకొల్పారు. అది 2017లో ప్రాప్‌టైగర్‌తో కలిసింది. 2014లో మొదలైన బెంగళూరు సంస్థ నోబ్రోకర్ తన పేరులోనే ఏజెంటు అక్కర్లేదన్న మాట పెట్టుకుంది. కమీషను బదులు యజమానుల నుంచి, అద్దెదారుల నుంచి చందా రుసుము తీసుకోవడం దాని పద్ధతి. ఆ సంస్థ మహానగరాలనే తన రంగంగా ఎంచుకుంది. అందువల్ల ఏజెంటును పూర్తిగా తప్పించే నమూనాతో నేరుగా తలపడే అవసరం తిరుపతి ఏజెంట్లకు అంతగా రాలేదు. వారికి ఎదురైనవి ప్రకటనలు అమ్ముకునే సైట్లు, ఓఎల్‌ఎక్స్ వంటి సర్వ వస్తువుల సైట్లు, ఫేస్‌బుక్, వాట్సాప్ బృందాలు, ఇళ్లను వీడియో తీసి చూపే యూట్యూబ్ చానెళ్లు.

ప్రభుత్వ సమాచారం అంతకంటే ముందే కంప్యూటర్లోకి చేరింది. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ ‘కార్డ్’ పేరుతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల కంప్యూటరీకరణ ప్రారంభించింది. రోజుల తరబడి తిరగాల్సిన ఈసీ, అంటే ఆస్తి మీద ఉన్న లావాదేవీల, తాకట్టుల ధ్రువపత్రం, కొద్ది సమయంలో చేతికి రావడం మొదలైంది. 2015లో వచ్చిన మీభూమి సైటులో అడంగల్, 1బి అనే భూ రికార్డులు చూసుకునే వీలు కలిగింది. ప్రైవేటు వెబ్‌సైట్ల ధరలను పెద్దగా పట్టించుకోని ఏజెంట్లు కూడా రిజిస్ట్రేషన్ శాఖ సైటును, మీభూమిని నిత్యం తెరుస్తారు. వారి పనిలో అసలైన ఆన్‌లైన్ విప్లవం అదే.

అంచనా ధర తయారయ్యే తీరు

యంత్రం ఇంటి ధర చెప్పే పద్ధతిని ఎక్కువమందికి పరిచయం చేసింది అమెరికా సంస్థ జిల్లో. 2006లో మొదలైన ఈ సైటు ‘జెస్టిమేట్’ పేరుతో ఇళ్లకు అంచనా ధర చూపింది. ఇంటి విస్తీర్ణం, గదులు, పన్ను రికార్డులు, చుట్టుపక్కల ఇటీవల అమ్ముడైన ఇళ్ల ధరలు దానికి ముడిసరుకు. అమ్మకానికి ప్రకటించిన ఇళ్ల విషయంలో తమ అంచనాకు, అసలు ధరకు మధ్యస్థ తేడా సుమారు 2 శాతమనీ, ప్రకటించని ఇళ్లకు సుమారు 7 శాతమనీ ఆ సంస్థే ప్రకటిస్తుంది. ఇల్లు అమ్మకానికి పెట్టగానే యజమాని, ఏజెంటు నిర్ణయించిన ధర లెక్కలో చేరుతుంది. తేడా తగ్గడానికి అదొక పెద్ద కారణం. ఏజెంట్లు ఈ సంగతిని తరచు ఎత్తిచూపుతారు.

యంత్రపు లెక్కకున్న పరిమితి 2021లో బయటపడింది. తన అంచనాలను నమ్మి ఇళ్లను తానే కొని అమ్మే ‘జిల్లో ఆఫర్స్’ వ్యాపారాన్ని సంస్థ 2018లో మొదలుపెట్టింది. ధరలు ఎటు పోతాయో సరిగా పసిగట్టలేకపోయామంటూ 2021 నవంబరులో మూసివేసింది.

అమెరికాలో ఈ లెక్క ఇంతమేరకైనా నడవడానికి కారణం అమ్మకం ధర చాలా రాష్ట్రాల్లో బహిరంగ రికార్డు కావడం. అక్కడి ఏజెంట్లు ఎంఎల్ఎస్ అనే ఉమ్మడి జాబితాలో తమ చేతిలోని ఇళ్ల వివరాలు పంచుకుంటారు. తిరుపతిలో ఏజెంట్లందరికీ అలాంటి ఉమ్మడి జాబితా లేదు. జాతీయ హౌసింగ్ బ్యాంకు 2007 నుంచి వెలువరిస్తున్న ఇళ్ల ధరల సూచీ ‘రెసిడెక్స్’ 50 నగరాలకు విస్తరించినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి విజయవాడ, విశాఖపట్నం మాత్రమే అందులో చేరాయి. వెబ్‌సైట్లలో తిరుపతి ప్రాంతాల వారీగా కనిపించే సగటు ధరలకు ప్రధాన ఆధారం ఆ సైట్లలోనే పెట్టిన ప్రకటనలు. అవి అమ్మేవారు అడిగే ధరలు, తెగిన ధరలు కావు.

ఒకే ఆస్తికి మూడు ధరలు

తిరుపతి, చిత్తూరు ఏజెంట్ల మాటల్లో ఒక స్థలానికి మూడు రేట్లు ఉంటాయి. మొదటిది ‘గవర్నమెంట్ రేటు’. రిజిస్ట్రేషన్ల శాఖ 1998 నాటి మార్కెట్ విలువల సవరణ నిబంధనల కింద దీన్ని నిర్ణయిస్తుంది. పట్టణాల్లో డోర్ నంబర్ల వారీగా, గ్రామాల్లో సర్వే నంబర్ల వారీగా పట్టికలు ఉంటాయి. ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. రాష్ట్రంలో ఈ విలువలను 2025 ఫిబ్రవరి 1న పెద్ద ఎత్తున సవరించారు. రెండోది ‘చెప్పే రేటు’, అంటే వెబ్‌సైట్‌లో, వాట్సాప్‌లో కనిపించేది. మూడోది ‘తెగిన రేటు’, ఇరుపక్షాలూ సిట్టింగ్‌లో కూర్చుని ఒప్పుకున్నది.

అమ్మకం దస్తావేజు మీద స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం కలిపి మొత్తం 7.5 శాతం పడుతుంది. గవర్నమెంట్ రేటుకు తగ్గించి రాస్తే సబ్ రిజిస్ట్రార్ ఆ పత్రాన్ని స్టాంపు చట్టం 47-ఎ సెక్షను కింద కలెక్టరుకు నివేదించవచ్చు. ఆదాయపు పన్ను చట్టం కూడా తక్కువ రాసిన ధరను పట్టించుకుంటుంది. అందువల్ల దస్తావేజులో కనీసం గవర్నమెంట్ రేటు ఉంటుంది. అంతకు మించిన భాగం చాలా బేరాల్లో పత్రం ఎక్కదు. స్థిరాస్తి లావాదేవీల్లో 20 వేల రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని 2015 జూన్ నుంచి చట్టం నిషేధించినా ఈ అలవాటు పూర్తిగా పోలేదు. బ్యాంకు రుణంతో కొనే ఫ్లాట్ల విషయంలో పత్రంలోని ధర అసలు ధరకు దగ్గరగా ఉంటుంది. పాత ఇళ్లు, ఖాళీ స్థలాల్లో తేడా ఎక్కువ.

అంచనా వెబ్‌సైట్లపై ఏజెంట్ల ప్రధాన విమర్శ ఇక్కడినుంచే పుడుతుంది. తెగిన రేటు రికార్డుల్లో ఉండదు. అది బేరంలో కూర్చున్న నలుగురైదుగురికే తెలుసు. ఆ వీధిలో గత రెండేళ్లలో ఏయే స్థలం ఎంతకు పోయిందో గుర్తుపెట్టుకున్న ఏజెంటే ఆ సమాచారానికి భాండాగారం. ఈ వాదనలో నిజం ఉన్నా దానికి మరో పార్శ్వం ఉంది. సమాచారం బయటికి రాకపోవడమే ఏజెంటు బలం కాబట్టి తెగిన రేట్లు బహిరంగం కావాలని కోరుకునే ఆర్థిక ప్రయోజనం అతనికి ఉండదు. కొనేవారి అనుమానం అక్కడే మొదలవుతుంది. ఏజెంటు చెప్పిన మాటను సరిచూసుకోవడానికి, ఎంత లోపభూయిష్టమైనా, వెబ్‌సైట్ వారికి రెండో ఆధారం అవుతుంది.

అంకణం, సెంటు, గజం

కొలతల తేడా వెబ్‌సైట్ ధరలను నేరుగా దెబ్బతీస్తుంది. దేశవ్యాప్త సైట్లు చదరపు అడుగుల్లో, చదరపు గజాల్లో లెక్క చూపుతాయి. తిరుపతిలో ఇంటి స్థలం అంకణాల్లో అమ్ముడుపోతుంది. ఇక్కడ అంకణం అంటే ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, అంటే 36 చదరపు అడుగులు, 4 చదరపు గజాలు. పక్కనున్న నెల్లూరు లెక్కలో అంకణం 72 చదరపు అడుగులు. ఊరి వెలుపల స్థలాలను సెంట్లలో చెబుతారు. సెంటు 435.6 చదరపు అడుగులు, తిరుపతి లెక్కన 12.1 అంకణాలు.

30 అడుగుల వెడల్పు, 48 అడుగుల పొడవు ఉన్న స్థలాన్నే తీసుకుంటే దాని విస్తీర్ణం 1,440 చదరపు అడుగులు. గజాల్లో 160, సెంట్లలో సుమారు 3.3, తిరుపతి అంకణాల్లో 40. అదే స్థలాన్ని నెల్లూరు లెక్కతో మారిస్తే 20 అంకణాలే అవుతుంది. అంకణం లక్ష రూపాయలనుకుంటే ఒక లెక్కన 40 లక్షలు, మరో లెక్కన 20 లక్షలు. ప్రకటనలో అంకణం అంటే ఎంతో చెప్పకపోయినా, సైటులోని మార్పిడి పట్టిక 72 అడుగుల లెక్క తీసుకున్నా సగటు ధర తలకిందులవుతుంది. అందుకే అనుభవమున్న ఏజెంట్లు ప్రకటనలో అంకణాలతో పాటు నాలుగు వైపుల కొలతలూ ఇస్తారు.

లెక్కలో చేరని వివరాలు

ఒకే లేఅవుట్‌లో పక్కపక్క స్థలాల ధర ఒకటి కాకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. ముందున్న రోడ్డు 20 అడుగులదా, 40 అడుగులదా, తూర్పు ముఖమా, దక్షిణ ముఖమా, మూల స్థలమా, వీధిపోటు ఉందా, వాన నీరు ఎటు పోతుంది అన్నవి బేరంలో ప్రతిసారీ వస్తాయి. కొనేవారిలో చాలామంది వాస్తు చూపించుకోకుండా అడ్వాన్సు ఇవ్వరు. వెబ్‌సైట్ ఫారంలో ముఖం ఏ దిక్కో రాసే గడి ఉంటుంది గానీ వీధిపోటుకు ఎంత ధర తగ్గించాలో లెక్కించే సూత్రం లేదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది హక్కు. తిరుపతి చుట్టుపక్కల భూముల చరిత్ర చిక్కులతో కూడుకున్నది. 1843 నుంచి 1933 వరకు తిరుమల ఆలయ పాలన చూసిన హథీరాంజీ మఠానికి ఈ ప్రాంతంలో విస్తారంగా భూములున్నాయి. వాటిలో ఆక్రమణలు, వివాదాలు దశాబ్దాలుగా సాగుతున్నాయి. దేవస్థానం భూములు, చెరువు పోరంబోకు, ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టా భూములు వేరే. డీకేటీ భూములకు 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షను కింద నిషేధిత జాబితాలో పడిన సర్వే నంబర్లకు రిజిస్ట్రేషన్ జరగదు. రెవెన్యూ రికార్డుల్లో యజమాని పేరు బదులు చుక్కలు పెట్టిన ‘చుక్కల భూముల’ సమస్య కూడా ఈ రెండు జిల్లాల్లో ఉంది.

అందువల్ల ఒక స్థలం చూపించే ముందు ఏజెంటు అడిగేవి లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ, లేఅవుట్ అనుమతి. తిరుపతి పరిసరాల్లో 1981లో ఏర్పడిన తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా) అనుమతి ఉన్న ప్లాటుకు, అనుమతి లేని ప్లాటుకు ధరలో పెద్ద అంతరం ఉంటుంది. బ్యాంకు రుణం వస్తుందా రాదా అన్నదీ దీన్ని బట్టే తేలుతుంది. వెబ్‌సైట్‌లో ఈ రెండు రకాల ప్లాట్లూ ఒకే పేట పేరు కింద, ఒకే సగటులో కలిసిపోతాయి. చౌకగా కనిపించే ప్రకటన వెనుక అనుమతి లేని లేఅవుటో, లింకు తెగిన పత్రమో ఉండే అవకాశం ఉంది. ఏజెంట్లు కొనేవారికి ముందుగా చెప్పే హెచ్చరిక ఇదే. ఇదే హెచ్చరికను కొన్నిసార్లు పోటీ ప్రకటనను కొట్టిపారేయడానికి కూడా వాడతారు. ఏది నిజమో ఈసీ, నిషేధిత జాబితా చూస్తేనే తెలుస్తుంది.

ప్రకటనలపై అభిప్రాయాలు

ప్రకటనల వెబ్‌సైట్ల గురించి ఏజెంట్లలో మెప్పు, ఫిర్యాదు రెండూ ఉన్నాయి. బయటి ఊరి ‘పార్టీ’ని, అంటే కొనే వ్యక్తిని, తెచ్చిపెట్టడం మొదటి మేలు. చెన్నైలోనో హైదరాబాదులోనో ఉండి తిరుపతిలో ఫ్లాటు కొనాలనుకునే వ్యక్తికి స్థానిక ఏజెంటు ఎవరో తెలియదు. అతను మొదట వెతికేది వెబ్‌సైట్‌లోనే. ఫోటోలు, విస్తీర్ణం, ధర ముందే చూసి వచ్చే పార్టీకి ఊరంతా తిప్పి చూపించే శ్రమ తగ్గుతుంది. కొత్తగా వృత్తిలోకి వచ్చిన కుర్రవాళ్లకు పాతవారి పరిచయాల వలయం లేకుండానే గిరాకీ దొరుకుతుంది. అందుకే వయసును బట్టి, అనుభవాన్ని బట్టి ఈ వృత్తిలో అభిప్రాయం మారుతుంది. అపార్టుమెంట్లు అమ్మేవారు వెబ్‌సైట్లను ఎక్కువగా, పొలాలు, పాత ఇళ్లు చూసేవారు తక్కువగా వాడతారు.

ఫిర్యాదుల్లో మొదటిది ఖర్చు. సైట్లు ప్యాకేజీలు అమ్ముతాయి. ఎక్కువ చెల్లించినవారి ప్రకటన పైన కనిపిస్తుంది. ఆసక్తి చూపిన వ్యక్తి ఫోను నంబరును ‘లీడ్’ పేరుతో ఏజెంటుకు ఇస్తారు. ఒకే వ్యక్తికి చాలామంది ఏజెంట్ల నుంచి ఫోన్లు వెళ్లడం, ఆ విసుగుతో అతను ఎవరి ఫోనూ ఎత్తకపోవడం సాధారణం. వచ్చిన నంబర్లలో నిజంగా కొనేవారు కొద్దిమందే. ధర కనుక్కుని ఊరుకునేవారు, తమ ఇంటి విలువ తెలుసుకోవడానికి పక్కింటి ప్రకటనకు ఫోను చేసేవారు మిగతావారు.

రెండోది అమ్ముడైపోయిన ఆస్తుల ప్రకటనలు తీసేయకపోవడం, లేని ఇంటిని తక్కువ ధరకు చూపి నంబర్లు రాబట్టడం. ఈ పని చేసేవారిలో ఏజెంట్లే ఎక్కువ కాబట్టి ఇది సైట్ల మీద ఎంత ఫిర్యాదో, వృత్తి లోపలి ఫిర్యాదూ అంతే. ‘ఓనర్’ అన్న ముద్రతో కనిపించే ప్రకటనల్లో కొన్ని నిజానికి ఏజెంట్లవి. మూడోది ఫోటో దొంగతనం. ఒక ఏజెంటు తీసిన ఫోటోలు మరొకరి ప్రకటనలో తేలతాయి. ఇంటిని చూపించే హక్కు ఒకే ఏజెంటుకు రాసిచ్చే పద్ధతి ఇక్కడ అలవాటులో లేదు. యజమాని నలుగురికీ చెబుతాడు. ఒకే ఇల్లు నాలుగు ధరలతో నాలుగుసార్లు సైటులో కనిపించడానికి కారణం అదే.

ఈ కారణాల వల్ల చాలామంది రోజువారీ పనికి వాట్సాప్ బృందాలను ఇష్టపడతారు. అందులో రుసుము లేదు, పంపింది ఎవరో తెలుస్తుంది, తోటి ఏజెంటు తెచ్చిన పార్టీ అయితే కమీషను పంచుకోవచ్చు. అమెరికా ఏజెంట్ల ఉమ్మడి జాబితా చేసే పనిలో కొంత భాగాన్ని, నియమాలు లేకుండా, ఈ బృందాలు నెరవేరుస్తున్నాయి.

కమీషను, అమ్మేవారి ఆశ

అమ్మకాల్లో కమీషను ఒకటి, రెండు శాతంగా మాట్లాడుకోవడం వాడుక. కొన్నిసార్లు ఇరువైపులా తీసుకుంటారు. వెబ్‌సైట్ ద్వారా యజమాని నంబరు నేరుగా దొరికితే ఏజెంటును తప్పించి బేరం కుదుర్చుకోవచ్చు. ఏజెంట్లలో సైట్లపై ఉన్న అసలు జంకు అంచనా ధర వల్ల కాదు, ఈ తప్పించుకోవడం వల్లే. అద్దె ఇళ్లలో దాని ప్రభావం ముందుగా కనిపించింది. అమ్మకాల్లో పత్రాల పరిశీలన, ధర దించడం, అడ్వాన్సు నుంచి రిజిస్ట్రేషన్ వరకు ఇద్దరినీ పట్టి ఉంచడం వంటి పనులకు మధ్యలో మనిషి కావాల్సి వస్తోంది.

అంచనా ధర మరో రకంగా ఇబ్బంది పెడుతుంది. సైటులో తన పేటకు చూపిన సగటు ధరను యజమాని కనీస ధరగా పట్టుకుంటాడు. కొనేవాడు అదే పేటలో అన్నిటికన్నా తక్కువ ప్రకటనను చూపుతాడు. ఏజెంటు పనిలో కొంత భాగం ఈ ఇద్దరి తెర మీది అంకెలను పక్కన పెట్టించి, పక్కవీధిలో జరిగిన బేరం దగ్గరికి తీసుకురావడం. బ్యాంకులు కూడా వెబ్‌సైట్ ధరను ఒప్పుకోవు. తమ జాబితాలోని వాల్యుయర్‌ను పంపి స్థలం చూపించి నివేదిక తీసుకుంటాయి.

ప్రవాసుల ఆస్తులు

అమెరికా, గల్ఫ్ దేశాల్లో ఉంటున్న ఈ ప్రాంతంవారికి వెబ్‌సైట్ ఊరి ధరలు చూసే కిటికీ. డాలస్ వంటి తెలుగువారు ఎక్కువగా ఉన్న చోట ఇల్లు కొన్నవారు జిల్లో అంచనాకు అలవాటుపడి ఉంటారు. అదే నమ్మకంతో తిరుపతి ధరలనూ చూస్తారు. డాలస్ ఉన్న టెక్సస్‌లో అమ్మకం ధరను ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి కాదు. అక్కడి ఏజెంట్లు కూడా బయటి అంచనాల కంటే తమ ఉమ్మడి జాబితానే నమ్ముతారు. ప్రవాసులు భారతదేశంలో ఇళ్లు, ఇంటి స్థలాలు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి కొనరాదు. ‘ఫామ్ ప్లాట్’ పేరుతో వచ్చే ప్రకటనల విషయంలో ఏజెంటు, న్యాయవాది ఈ నిబంధనను గుర్తుచేయాల్సి వస్తుంది.

చట్టం

ఏజెంట్లకు, వెబ్‌సైట్లకు కలిపి వర్తించే చట్టం 2016 నాటి రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ వచ్చే ప్రాజెక్టులు రిజిస్టరు కావాలి. అలాంటి ప్రాజెక్టుల్లో అమ్మకం కుదిర్చే ఏజెంటు 9వ సెక్షను కింద రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. లేకపోతే రోజుకు 10 వేల రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా పడవచ్చు. ప్రాజెక్టు ప్రకటనలో రెరా నంబరు ఉండాలి. ఏ మాధ్యమం ద్వారానైనా కొనేవారిని, అమ్మేవారిని పరిచయం చేసి ప్రతిఫలం పొందేవారిని చట్టం ఏజెంటు నిర్వచనంలోకి తెచ్చింది. ఈ మాటల ఆధారంగా, అమ్మకాల్లో పాలుపంచుకునే వెబ్ పోర్టళ్లు కూడా దీని పరిధిలోకి వస్తాయని కేంద్ర గృహ నిర్మాణ మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది.

ఒక వ్యక్తి తన పాత ఇంటినో విడి స్థలాన్నో అమ్ముకునే బేరాలకు ఈ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. తిరుపతి, చిత్తూరుల్లో చిన్న ఏజెంట్ల పని ఎక్కువగా ఈ కోవలోనే ఉంటుంది. ఆ బేరాల్లో ధర ఎంతకు తెగిందో నమోదయ్యే ఏర్పాటు రానంతవరకు, వెబ్‌సైట్ అంచనాకు ఏజెంటు మాటకు మధ్య తేడా ఎంతో కొలిచి చూసే ఆధారం ఎవరి దగ్గరా ఉండదు.